పెళ్ళికూతురు వెయ్యనన్న ముడి

మా పెళ్ళయ్యాక వచ్చిన మొదటి రొయ్యల సీజన్ అది. వేట నిషేధం ఎత్తేసిన ఆ పొద్దున మెక్సికోలోని మా మసత్లాన్ రేవంతా డీజిలు వాసన, బ్యాండు మోత. వేడి తోర్తియా రొట్టెలు గుడ్డలో చుట్టుకుని పరుగున వెళ్ళాను. నా మొగుడు ఎవరిస్తో మొదటిసారి బోటు కెప్టెన్! కొత్త టోపీ చెవుల మీదికి జారిపోతోంది. ఎంత ముద్దొచ్చాడో!

తొలిరోజు వల సంచికి అడుగుముడి కెప్టెన్ భార్యే వెయ్యాలి, అది మా రేవు ఆచారం. కొత్త పెళ్ళికూతురు వేస్తే వల పొంగిపోతుందంటారు. అందరికన్నా గట్టిగా నమ్మేది బోటు ఓనరు దోన్ రోసెందో.

గట్టున పరిచిన వల మీదికి వంగి ఆగిపోయాను. వలలో చిక్కిన తాబేళ్ళు బయటపడాలని చట్టప్రకారం ఇనప ఊచల పక్కన వదలాల్సిన సందుని నైలాన్ దారంతో కుట్టేశారు.

"ఇదెవరి పని?"

బోటు అంచున నిలబడ్డ ఎవరిస్తో తల దించుకున్నాడు. "ఓనరు కుట్టించాడు, యాదీ. కాదంటే బోటు ఇంకొకడికిస్తానన్నాడు."

"ఆ సందులోంచి నా రొయ్యలు పోతాయమ్మాయ్," అన్నాడు దోన్ రోసెందో. "ముడేసి, ఫొటో దిగి, ఇంటికి పో."

"పోతే గుప్పెడు పోతాయి. తనిఖీలో ఈ కుట్టు దొరికితే సరిహద్దు అవతల అమెరికావాళ్ళు మన రేవు రొయ్యే కొనరు. తాబేలు ఊపిరాడక చావడం సరే, మనమూ చావాలా?" ముడెయ్యాల్సిన తాడు కింద పడేశాను. "కుట్లు విప్పండి. అప్పుడే ముడి."

"అయితే నీ మొగుడు దిగుతాడు!"

ఎవరిస్తో నావంక చూశాడు. బోటు దిగి, టోపీ తీసి నా తలమీద పెట్టి, నా పక్కన నిలబడ్డాడు. నా గుండె ఎగిరి గంతేసింది.

"పిలుచుకోండి ఇంకొకణ్ణి," అన్నాడు.

బోటు వంటవాడు చికోతె కూడా గరిటెతో దిగాడు. "పెళ్ళికూతురు వద్దన్న వలతో నేను రాను, దోన్. మా అమ్మ చంపేస్తుంది." వెనకాలే మిగతావాళ్ళూ.

పక్క బోట్లు హారన్లు కొడుతూ కదిలాయి. దోన్ రోసెందో వాటికేసి చూశాడు, మాకేసి చూశాడు. తిట్టుకుంటూ కత్తి లాగి కుట్లన్నీ తనే కోశాడు.

"వల వెలితిగా వస్తే ఏం చేస్తావే?"

"మీకు నా వంట వడ్డిస్తా!"

నా వంట సంగతి తెలిసిన చికోతె పడీ పడీ నవ్వాడు. నేను ముడి బిగించాను, పళ్ళతో లాగి మరీ.

వలతో అందరూ ఎక్కి బోటు కదిలాక ఎవరిస్తో అరిచాడు, "నా టోపీ!"

"ఇవ్వను! వచ్చి తీసుకో, కెప్టెన్!"