ఉప్పునీళ్లు

"అత్తా! మన గేదె పోయింది. బోదె కాలవలో నీల్లు తాగి అక్కడికక్కడే పడిపోయింది."

కోడలు రూబీ షెడ్డు గుమ్మంలో నిలబడి రొప్పుతోంది. జ్ఞానమ్మ చేతిలోని పాత సెల్‌ఫోన్ల పచ్చ పలకలు యాసిడ్ తొట్టిలోకి జారిపోయాయి. చేతిమీద పడ్డ చుక్కలు చురుక్కుమన్నా ఆమెకు తెలియలేదు. మొన్ననే ఈనిన గేదె. ఇంటిల్లిపాదీ దాని పాల మీదే బతుకుతున్నారు.

షెడ్డు యజమాని జగన్నాథరావు గల్లా దగ్గర్నుంచి తలెత్తాడు.

"ఎండదెబ్బ కొట్టుంటది. ఏడుపులు తర్వాత. ముందు ఆ డ్రమ్ము పారబోసి రా."

ఆ డ్రమ్ము రోజూ ఉండేదే. కాకినాడ నుంచీ రాజమండ్రి నుంచీ పాత ఫోన్లు, లాప్‌టాప్‌లు బస్తాల్లో వస్తాయి. పేట ఆడవాళ్లు మూడొందల కూలికి వాటిని పగలగొట్టి యాసిడ్‌లో నానబెడతారు. అడుగున దిగిన బంగారం నలుసులు జగన్నాథరావు ఇంటికి వెళతాయి. మిగిలిన నీళ్లు తోపుడుబండి మీద పేట బోదెకు వెళతాయి. "ఉత్త ఉప్పునీళ్లే" అన్నాడాయన మొదటిరోజే. కూలి ఇచ్చేవాడికి అడ్డు చెబితే తిన్నింటి వాసాలు లెక్కపెట్టినట్టవుతుందని అందరూ నోరు మూసుకున్నారు. బాతులు చచ్చాయి. జ్ఞానమ్మ మనవరాలు క్రిస్టినా కాళ్ల నిండా పుళ్లు లేచాయి. "పిల్లకి స్నానం చేయించరా?" అని ఆయనే కసిరాడు. ఆ బోదెలోనే చేయిస్తున్నారు.

జ్ఞానమ్మ డ్రమ్ముకు మూత బిగించింది. తన చేతులతోనే తన పేటలో విషం పోయించాడు వాడు. ఇన్నాళ్లూ మనసులో కూడా గారు అనుకున్న మనిషిని మొదటిసారి వాడు అనుకుంది. హాయిగా ఉంది.

"రూబీ, బండి పట్టవే."

మలుపు దగ్గర పేట ఎడమకి. జ్ఞానమ్మ బండిని కుడికి తోసింది. అటువైపు జగన్నాథరావు రొయ్యల చెరువు ఉంది. వారంలో రొయ్యల పట్టుబడి.

గట్టెక్కి మూత తీసి రూబీకి ఇచ్చేసరికి, బండి కుడికి తిరగడం చూసిన జగన్నాథరావు వెనకే వచ్చి, మోటార్‌సైకిల్ పడేసి పరుగెత్తుకొచ్చాడు. మేత చల్లుతున్న కూలీలు ఆగి చూశారు.

"ఏయ్! బోదెలో పొయ్యమంటే ఇక్కడికెందుకు తెచ్చావ్?"

"రొయ్యలకి ఉప్పునీల్లు మంచియే కదండీ. ఎప్పుడూ మా పేటకేనా? తవరూ కాత్త పోసుకుంటారనీ."

"పిచ్చెక్కిందా? లోపలేయిస్తాను!"

జ్ఞానమ్మ డ్రమ్ము కొంచెం వంచింది. గట్టు మీద పడ్డ చోట గడ్డి బుసబుసా నురగెత్తింది. జగన్నాథరావు ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"జ్ఞానమ్మగారూ, ఆగండి! గేదె డబ్బులు నేనిస్తాను."

"గేదె సంగతి తరవాతండి. ఇయ్యి ఏం నీల్లో చెప్పండి."

ఆయన ఏదో గొణిగాడు.

"మేత సల్లేవోల్లకి ఇనపళ్లేదండి."

"విషమమ్మా! విషం!"

కూలీలు మేత బేసిన్లు కింద పెట్టేశారు. జగన్నాథరావు రెండు చేతులూ జోడించాడు.

"మూత పెట్టెయ్యమ్మా. నీకు దణ్ణం పెడతాను."

ఆ జోడించిన చేతులను ఇంకాసేపు చూడాలనిపించింది జ్ఞానమ్మకు. రూబీ అత్త ముఖం చూసి, చేతిలోని మూతను చెరువులోకి విసిరేసింది. జ్ఞానమ్మ డ్రమ్ము మీద నుంచి చెయ్యి తియ్యలేదు.