వాగు ఒడ్డున వెలుతురు

ఎడ్డెమంటే తెడ్డెమనే ఇద్దరిని ఒకే వ్యాను ఎక్కించడానికి, వాళ్ల మధ్య రాజీ కుదిర్చే పనిలో ఉన్న నాకు రెండేళ్లు పట్టింది. ఒకాయన సామిల్లు యజమానుల సంఘం పెద్ద. ఇంకొకావిడ అడవుల కోసం కోర్టుల చుట్టూ తిరిగే లాయరు. పిట్టల పేర్లన్నీ నోటికి వచ్చు కనుక చాటున పిట్టలావిడ అంటాం. సొంత అడవుల మీద ఉన్న చట్టం చిల్లుల కుండ. వాగుల ఒడ్డున చెట్లు కొట్టకూడదన్న కొత్త నిబంధనకు ఈ ఇద్దరూ కలిసి సంతకం పెడితే ప్రభుత్వం కాదనలేదు. పెట్టేముందు అలాంటి ఒడ్డు ఒకటి కళ్లారా చూస్తామన్నారు.

చూపించడానికి మా బాబాయి అడవిని మించింది లేదు. నేను ఈత నేర్చుకున్నది అక్కడి వాగులోనే. మిట్టమధ్యాహ్నం కూడా ఆ నీళ్ల మీద ఎండ పడేది కాదు.

దారి పొడవునా ఇద్దరూ కిటికీ అద్దం దించాలా ఎత్తాలా అని పోట్లాడుకున్నారు. అద్దం సంగతే తేల్చుకోలేని వాళ్లు అడవి సంగతి తేలుస్తారట అని లోపల నవ్వుకుంటూ కూర్చున్నాను.

మలుపు తిరగగానే ఎదురుగా ఒకటే వెలుతురు. దారి తప్పామనుకున్నాను. "ఇది కాదు, వెనక్కి తిప్పు" అని డ్రైవరును కసిరాను కూడా. అప్పుడు బాబాయి రేకుల షెడ్డు కనిపించింది.

షెడ్డు ఉంది. చెట్లు లేవు.

వాగుకు రెండు వైపులా తడి ఆరని మొదళ్లు. నీళ్ల మీద రంపపు పొట్టు తెట్టెకట్టి తేలుతోంది. పిట్టలావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బతుకంతా కలప కోసిన సామిల్లు పెద్దాయన సైతం "అయ్యయ్యో" అని అక్కడే చతికిలబడ్డాడు.

బాబాయి ఒక మొదలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవరు బాబాయ్? ఏ దొంగ వెధవలు చేశారీ పని?"

"నేనేనమ్మా."

నాకు అర్థం కాలేదు. మళ్లీ అడిగాను. మళ్లీ అదే జవాబు.

"మొన్న అన్నాల దగ్గర నువ్వే చెప్పావు కదే! సంతకాలైపోతే ఒడ్డున ఆకు కూడా ముట్టుకోనివ్వరని. నా చెట్టు మీద నేనే చెయ్యి వెయ్యకూడదంటే ఎలా? నాదిగా ఉండగానే కొట్టించేశా."

"ఇన్నేళ్లూ కొట్టలేదు కదా!"

"ఇన్నేళ్లూ ఎవరూ కొట్టొద్దనలేదు కదమ్మా."

చెప్పాను. ముద్ద చేతిలో పట్టుకుని గొప్పగా చెప్పాను, పిన్ని మురిసిపోతూ వింది. మా సమావేశాలకు లాయర్లను పిలిచాం, ప్రొఫెసర్లను పిలిచాం, మిల్లుల వాళ్ల కాళ్లావేళ్లా పడ్డాం. చెట్లున్న వాళ్లకు తర్వాత తెలియజేద్దాంలే అనుకున్నాం. ఊరందరినీ పెళ్లికి పిలిచి పెళ్లికొడుక్కి చెప్పడం మరిచిపోయిన తెలివి మాది! సిగ్గుతో, కోపంతో నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ కోపం ఆయన మీదో నా మీదో తెలియలేదు.

"కొట్టించాక నాకే చూడబుద్ధి కావట్లేదు" అన్నాడు బాబాయి.

అంతలో వాగు ఎగువ నుంచి రంపం మోత.

"అదేంటి?"

"పక్క అడవి వాళ్లు. వాళ్లకూ నేనే చెప్పా. మంచికేగా అని."

సామిల్లు పెద్దాయనా, పిట్టలావిడా ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఆపు బాబాయ్! నీ మాటైతే వింటారు."

ఆయన లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. "ఏమని చెప్పమంటావు?"

నా సంచిలోని ఒప్పందం నిండా 'కూడదు' అన్న మాటే. ఆయన చేతికివ్వడానికి అందులో ఒక్క ముక్క లేదు.

"వాళ్లు మాతో కూర్చుని సరేననేదాకా ఏ రూలూ రాదని చెప్పు" అనేసి, భయపడుతూ వెనక్కి చూశాను. సామిల్లు పెద్దాయన తల ఊపాడు. పిట్టలావిడ కాస్త ఆలస్యంగా, కళ్లు తుడుచుకుంటూ ఊపింది. రెండేళ్లుగా నేను ఎదురుచూసిన తల ఊపు అది.

బాబాయి పరుగందుకున్నాడు. వెనకే మేం ముగ్గురం, కొమ్మలకు తట్టుకుంటూ. వంపు దాటేలోపే అవతల ఏదో పెద్ద మాను ఒరిగిన చప్పుడైంది. ఆ వెంటనే అక్కడా వెలుతురు వచ్చింది.