చివరిసారి మార్చింది ఎవరు

సింకు కడిగి, స్టవ్ తుడిచి, ఆరిన బట్టలు మడతపెట్టి ఆమె లాప్‌టాప్ ముందు కూర్చునేసరికి హాల్లో అత్తగారు కొడుకుతో అంటున్నారు, కోడలు ఇంట్లోంచే ఉద్యోగం చేసుకుంటుంటే ఇక కొరతేముంది, పొద్దున ఎలా ఉందో ఇల్లు సాయంత్రానికీ అలాగే ఉందని. మెచ్చుకోలే కాబోలు. అలా ఉంచడానికి ఎవరి నడుం విరిగిందో మాత్రం ఆవిడ నోట రాలేదు.

ఆ నెల ఆఫీసులో ఆమెకిచ్చిన పని, ఒక బీమా సంస్థ జావా అప్లికేషన్‌లో ప్రతి రికార్డు పక్కనా అది చివరిసారి ఎప్పుడు మారింది, ఎవరు మార్చారన్నది దానంతటదే నమోదయ్యేలా చూడటం. ఆ కోడ్ రాసి ఇచ్చింది. దాన్ని పరీక్షిస్తున్న అమ్మాయి ఫోన్ చేసింది. ఒక రికార్డును రోజూ తెరిచి, అన్నీ సరిచూసి సేవ్ చేస్తున్నా తేదీ మూడు రోజుల కిందటి దగ్గరే ఆగిపోయిందట.

"లోపల ఒక్క అక్షరమైనా మారకపోతే తేదీ కదలదమ్మా. ఎన్నిసార్లు సేవ్ చేసినా నీ పేరు పడదు."

అని చెప్పి ఫోన్ పెట్టేసింది గానీ ఆ మాట ఆమెకే గుచ్చుకుంది. పదకొండేళ్లుగా ఈ ఇంట్లో తాను చేస్తున్నదీ అదే. ఖాళీ డబ్బా నింపితే అందరికీ నిండు డబ్బాయే కనిపిస్తుంది. మాసిన దుప్పటి ఉతికి పరిస్తే నిన్నటి దుప్పటే. ఒకసారి జ్వరంతో పడుకుంటే సింకు నిండా గిన్నెలు పోగుపడ్డాయి. "ఇంటినిలా తయారుచేశావేంటి?" అన్నాడు భర్త. చేయని రోజున మాత్రం ఆమె పేరు పడింది. అప్పుడు ఏడుపొచ్చింది, ఇప్పుడు ఒళ్లు మండింది.

శుక్రవారంలోగా మేనేజరుకి జవాబివ్వాలి. టీమ్ లీడ్‌గా చేస్తావా, రోజూ ఆఫీసుకి రావాలి అని అడిగాడు. పోయిన వారం పనికి మనిషిని పెట్టుకుందామంటే, ముగ్గురున్న ఇంట్లో పనేముంటుంది, గోరంతలు కొండంతలు చేస్తావని తీసిపారేసిన భర్త, భోజనాల దగ్గర ఈ సంగతి వినగానే ముద్ద ఆపాడు.

"నువ్వు పొద్దున్నే పోతే ఇల్లెవరు చూస్తారు?"

అత్తగారు అవునన్నట్టు తలూపారు. ఇలాంటప్పుడు నోట్లో నాలుక లేనట్టు ఊరుకోవడం ఆమెకి అలవాటు. ఈసారి లేచి, చెయ్యి కడుక్కుని, వాళ్ల ఎదుటే మేనేజరుకి సరేనని రాసి పంపింది.

"పదకొండేళ్లుగా ఎవరూ ఏ పనీ చేయకుండానే నడుస్తోంది కదండీ ఈ ఇల్లు," అంది. "ఇకమీదా అలాగే నడుస్తుంది."