కింది ఇంటి ఫోను

"రౌటర్‌ని నువ్వు ముట్టుకోకు" అని చెప్పి అష్రఫ్ బూట్లు తొడుక్కున్నాడు. "సాయంత్రం వచ్చి నేను చూస్తాను."

ఆ సాయంత్రం కోసం నెలల తరబడి చూస్తున్నాను. మా ఆయన రోడ్ల శాఖలో ఇంజినీరు. అలెగ్జాండ్రియాలో ఇంజినీరుకి పేరు అక్కర్లేదు. కూరగాయల కొట్టువాడి నుంచి మసీదు ఇమాం దాకా అందరూ "బాష్ముహందిస్" అంటారు, అంటే ఇంజినీరుగారూ అని. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నాతో కూడా అలాగే పిలిపించాలని చూసింది. రోడ్లు వేసేవాడికి తెలియనిది లోకంలో ఏముంటుందని ఆవిడ నమ్మకం. బల్బు మాడినా, పిల్లికి జబ్బు చేసినా ఆవిడ నోట వచ్చే మాట ఒకటే: "అష్రఫ్ రానీ."

నేను కంప్యూటర్ ముందు కూర్చుని పరదేశీయులకి అరబ్బీ నేర్పుతాను. ఇంట్లో దాన్ని పని అనరు, "తెరతో కబుర్లు" అంటారు. వంటింట్లో చిన్న బల్ల మీద కూర్చుని క్రియారూపాలు చెప్తూ ఉంటే నెట్ పోయేది. ఎదుటి మనిషి మొహం నోరు తెరిచి ఆగిపోయేది. మళ్ళీ కలిసేసరికి ఆ మొహంలో విసుగు కనపడేది. కైరోలో మా సంస్థ చూసుకునే నెవీన్ మేడం మర్యాదగానే చెప్పింది, "ఇనాస్, నీ పాఠం బావుంటుంది. అది పూర్తిగా వినేవాళ్ళేరి? ఇలాగే ఉంటే నీ విద్యార్థుల్ని ఇంకొకరికి ఇవ్వాల్సొస్తుంది."

ఆ మాట అష్రఫ్‌కి చెప్తే అన్నం తింటూనే తీర్పు ఇచ్చాడు. నేను కిటికీలు ఎక్కువ తెరుస్తున్నానట. కంప్యూటర్ కిటికీలే అనుకున్నాను గానీ, కాదు, వంటింటి కిటికీ. సముద్రపు తేమ లోపలికొచ్చి రౌటర్‌ని పాడుచేస్తోందట. మర్నాడు తప్పు మైక్రోవేవ్‌ది అయింది. ఆ తర్వాత పక్కింటివాళ్ళది. కంపెనీకి ఫోన్ చేసి, అవతల అమ్మాయి ఏదో అడిగితే, "అమ్మా, నేను ఇంజినీర్ని" అని పెట్టేశాడు. ఆఖరికి కొత్త రౌటర్ కొన్నాడు. దాన్ని హాల్లో తన టీవీ పక్కన పెట్టుకుని, మ్యాచ్ ఆగకుండా వస్తుంటే కాళ్ళు బార్లా చాపుకుని, "చూశావా? తేడా నీ కంప్యూటర్లోనే ఉంది" అన్నాడు. మ్యాచ్ యాంటెన్నా మీద వస్తుందని అతనికి గుర్తు లేదు. గుర్తు చేద్దామని నోటిదాకా వచ్చింది. ఎందుకులే అనుకున్నాను. ఆ "ఎందుకులే" మీద మా కాపురం ఎంతకాలం నడిచిందో తలుచుకుంటే నామీద నాకే అసహ్యం.

ఒక రోజు మధ్యాహ్నం మహ్షీకి క్యాబేజీ ఆకుల్లో బియ్యం కూరి చుడుతున్నాను. ముందు తెర మీద, రికార్డు చేసిన పాఠం ఒకటి నెట్‌లో నడుస్తోంది. మా వంటింటి వెనక గాలి కోసం వదిలిన సందు ఉంది, అన్ని అంతస్తుల మాటలూ అందులోంచే వినపడతాయి. కింది ఇంట్లో అత్తగారి ఫోను మోగింది. తెర మీద పాఠం ఆగిపోయింది. ఆవిడ ఫోను తీసి, "నగ్వా, తల్లీ" అంది. ఆడపడుచు, తంతా అనే ఊరి నుంచి చేసింది. కాసేపటికి పాఠం మళ్ళీ మొదలైంది. నేను ఆకు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను. చేతులు కడుక్కుని నా సెల్లు నుంచి అత్తగారి నంబరు కొట్టాను. కింద మోగింది. తెర ఆగింది.

రెండిళ్ళకీ లైను ఒకటే. మా హాల్లోంచి ఆ సందులోకి తీగ దింపి, కింద ఫోను తగిలించింది అష్రఫే. పనివాణ్ణి పిలవకుండా తానే చేశానని పండగంతా చెప్పుకున్నాడు. సెల్లులో వెతికితే విషయం దొరికింది. నెట్ వచ్చే లైను మీదే ఫోను కూడా పెడితే, దానికీ గోడకీ మధ్య చిన్న ఫిల్టర్ పెట్టాలి. లేకపోతే ఫోను మోగినప్పుడల్లా నెట్ పోతుంది.

ఆ రాత్రి చెప్పాను. అతను పకపకా నవ్వాడు. "మా అమ్మ ఫోను ఎత్తితే నీ నెట్ పోతుందా? రేపు ఆవిడ తుమ్మితే నీ పాలు విరిగాయంటావు." తర్వాత నవ్వు ఆపి, "అమ్మ మీద పెట్టడానికి ఇదొకటి దొరికిందన్నమాట" అన్నాడు.

మన్షియా బజారులో టెలిఫోను సామాన్ల కొట్టుకి వెళ్ళి ఫిల్టర్ కొనుక్కొచ్చాను. పళ్ళెంలో మహ్షీ పెట్టుకుని కిందికి దిగాను. అత్తగారు సోఫాలో కూర్చుని సీరియల్ చూస్తోంది. ఫోను తీగ సోఫా వెనకే ఉంది.

"అష్రఫ్ వచ్చి చూస్తాడుగా, నీకెందుకమ్మా?"

"ఇదిగో అయిపోతుంది, అత్తయ్యా."

ఆవిడని కుర్చీలోకి మార్చి సోఫా జరిపాను. నేల మీద పడుకుని చెయ్యి చాచి తీగ పీకి, ఫిల్టర్ పెట్టి, మళ్ళీ తగిలించాను. ఆవిడ మహ్షీ తింటూ అంతా చూసింది. నేను లేవగానే, "ఎలాగూ జరిపావు, ఆ కింద తుడిచి వెళ్ళు" అంది. తుడిచాను. ఆ తర్వాత నా పాఠాలు ఒక్కసారి కూడా ఆగలేదు.

అష్రఫ్‌కి చెప్తే కిందికి వెళ్ళి చూసొచ్చాడు. వచ్చి టీవీ ముందు కూర్చున్నాడు. సిగ్గుపడ్డాడనుకున్నాను. అంత ఉదారంగా ఊహించుకున్నది నేనే.

శుక్రవారం నగ్వా, ఆవిడ మొగుడు హొస్సామ్ భోజనానికొచ్చారు. నేను చేపలు వేయించి తెచ్చేసరికి అష్రఫ్ చెప్తున్నాడు. "కంపెనీవాళ్ళకే అంతు చిక్కలేదు బావా. నేను కూర్చుని ఆలోచించాను. తప్పు లైన్లో ఉంది. చిన్న ఫిల్టర్ పెట్టాను, అంతే."

అత్తగారు చేప ముల్లు తీస్తూ, "వాడి చేతిలో ఏదో ఉంది" అంది. నేల మీద పడుకున్న నన్ను చూసిన కళ్ళతోనే కొడుకుని చూస్తూ అంది.

హొస్సామ్ మంచివాడు, అమాయకంగా అడిగాడు. "మా ఇంట్లోనూ అలాగే పోతోంది బాష్ముహందిస్. ఇంతకీ ఫోను మోగితే నెట్ ఎందుకు పోతుంది?"

అష్రఫ్ రొట్టె తుంచాడు. తుంచిన ముక్క మళ్ళీ తుంచాడు. "అంటే... ఒత్తిడి. లైన్లో ఒత్తిడి" అని నావైపు చూశాడు. అది అందించమని అడిగే చూపు. ఇన్నేళ్ళూ నేను అందిస్తూనే ఉన్నాను, అతను మర్చిపోయిన పేర్లు, తప్పు చెప్పిన లెక్కలు, ఆఫీసు కాగితాల్లో వాక్యాలు. అతన్ని చూస్తే నాకు ఎప్పుడూ కాస్త బెరుకుండేది. ఆ బల్ల దగ్గర, నూనె చేతులతో రొట్టె నలుపుతున్న ఆ మనిషిని చూస్తుంటే కోపం కూడా రాలేదు. కోపం రావాలంటే ఎదురుగా కాస్త మనిషైనా ఉండాలి.

"అది పెట్టింది నేను, అన్నయ్యా" అన్నాను హొస్సామ్‌తో. "భోజనం అయ్యాక ఎలాగో చెప్తాను. అత్తయ్య కూడా చూశారు."

అత్తగారు ముల్లు పళ్ళెం అంచున పెట్టి, "నాకు సీరియల్ ధ్యాసలో తెలియలేదు" అంది. నగ్వా తల వంచుకుని తింటూ నవ్వింది.

వాళ్ళు వెళ్ళాక అష్రఫ్ తలుపు వేశాడు. "నా పరువు తీశావు. ఒక్క మాట ఊరుకుంటే నీదేం పోయేది?"

నేను గిన్నెలు కడుగుతున్నాను. ఏం పోయేదో అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి. దమన్హూర్ విశ్వవిద్యాలయంలో అధ్యాపక ఉద్యోగానికి పిలుపు వస్తే, రోజూ రైలు ప్రయాణం నావల్ల కాదని తేల్చింది ఇతనే. కారు నడపడం నాకు చేతకాదన్నది ఇతనే. తెలిసి చెప్పాడనుకున్నాను. కిటికీ లోంచి వచ్చే తేమ గురించి ఎంత తెలుసో, నా గురించీ అంతే తెలుసు.

చేతులు తుడుచుకుని చెప్పాను. "దమన్హూర్‌లో ఆ ఉద్యోగం మళ్ళీ పడింది. ఆదివారం వెళ్ళి మాట్లాడి వస్తాను."

"నన్ను అడగకుండానే?"

"నిన్నెందుకు అడగడం, అష్రఫ్?" అన్నాను. నిజంగా తెలుసుకోవాలనే అడిగాను.