ఆరు వోల్టుల వెలుతురు

మా మావయ్య మోటారుసైకిలు వయసెంతని అడిగితే ఆయన చెప్పడు. తన పెళ్ళికంటే ముందుదని మాత్రం గొప్పగా అంటాడు. మా మేనత్త దాన్ని సవతి అంటుంది. నాకు వైరింగ్ పని చేయిపట్టి నేర్పింది ఆయనే, ఆ బండి మీదే. ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకుని ఊళ్ళో సగం బండ్లకు లైట్లు నేనే సరిచేస్తున్నాను. అయినా ఆ బండి వచ్చిందంటే నాకు ఒళ్ళు మండుతుంది. బండి ఒక్కటే రాదు కదా. పక్కనే స్టూలు వేసుకుని ఆయనా కూర్చుంటాడు, స్క్రూడ్రైవర్ ఎటు తిప్పాలో నాకు చెబుతూ.

ఈసారి ఫిర్యాదు హెడ్‌లైటు గురించి. మసకగా వెలుగుతోందట, రోడ్డు ఆనడం లేదట. చదరంగం ఆడటానికి ఊరి చివర స్నేహితుడింటికి వెళ్ళి, చీకటి పడ్డాక గానీ ఇంటిదారి పట్టని మనిషి.

బ్యాటరీ తీగల దగ్గర తెల్లగా పట్టిన ఉప్పు కడిగాను. ఎర్త్ తీగ బిగించిన చోట రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్దాను. స్విచ్ విప్పి లోపలి రాగి ముక్కలు తుడిచాను. మీటరు పెడితే బల్బు దాకా ఆరు వోల్టులూ బుద్ధిగా వస్తున్నాయి. బల్బు మాత్రం నిద్రమొహం వేసుకుని ఎర్రగా వెలుగుతోంది. మావయ్య డైనమో చూడమన్నాడు, చూశాను. మళ్ళీ స్విచ్ చూడమన్నాడు. పెద్దవాళ్ళని నోరు మూసుకోమనలేం కాబట్టి టీ తెమ్మని పంపించాను.

ఆయన అటు వెళ్ళగానే బల్బు ఊడదీసి, అడుగున ఇత్తడి మీద ఉన్న అక్షరాలు చదివాను. పన్నెండు వోల్టులు. ఆరు వోల్టుల బండికి పన్నెండు వోల్టుల బల్బు పెడితే అది మిణుగురు పురుగేనని అన్నం తింటూ కూడా పాఠం చెప్పే మనిషి మా మావయ్య. లోకంలో ఎవరు చేసినా ఈ పొరపాటు ఆయన చెయ్యడు. ఆ పాఠం కంఠతా వచ్చినవాళ్ళం ఇద్దరమే. ఒకరు నేను. రెండో మనిషి అప్పుడే కూరల సంచితో షెడ్డులోకి వచ్చింది.

బల్బు అరచేతిలో పెట్టి చూపించాను. అత్త బుకాయించలేదు.

"సందు మలుపులో గోడకి రెండుసార్లు గుద్దేశారే. కళ్ళు చూపించుకోమంటే, నావి డేగ కళ్ళంటారు. లైటు సరిగ్గా లేకపోతే చీకటి పడేలోపే ఇల్లు చేరతారనుకున్నా."

"చేరుతున్నాడా?"

"లేదు."

నాకు కోపం ఆగలేదు. అసలే చూపు ఆనని మనిషి ఎదుటివాళ్ళకి కూడా కనిపించకుండా పోతే, లారీవాడికి ఆ మిణుకు ఏం తెలుస్తుందని చెడామడా తిట్టాను. ఆవిడ సంచి కింద పెట్టి స్టూలు మీద కూలబడింది. బండి దిగమని ఆయనతో అనే ధైర్యం లేకే ఇంత పని చేసింది. ఆ మాటకొస్తే ఆ ధైర్యం నాకు మాత్రం ఉందా? నాకు పని నేర్పిన మనిషితో నీ చూపు పోతోందని ఏ నోటితో చెప్పను? భయం వేసింది. బల్బు మార్చడం ఒక్కటే నా చేతిలో ఉంది, అదే చేశాను.

మావయ్య టీ తెచ్చేసరికి పొద్దు గూకింది. స్విచ్ వేశాను. ఎదురుగోడ మీద పెచ్చులూడిన చోటు, మేకుకి వేలాడే పాత గొలుసు, దాని కింద నూనె చారిక, అన్నీ విడివిడిగా కనిపించాయి. మావయ్య కళ్ళు చిట్లించి చూశాడు.

"ఇంకా మసగ్గానే ఉందే. ఎర్త్ సరిగ్గా గీకావా?"

గీకానన్నాను. ఇంకోసారి చూడమన్నాడు. మీటరు పెట్టి ఆయన చేతికిచ్చాను. ముల్లు ఎక్కడుందో చూడటానికి దాన్ని ముక్కు దాకా తెచ్చుకున్నాడు. ఆరు దగ్గరే ఉంది. చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని, తర్వాత అత్త వైపు తిరిగాడు.

"నీకెలా ఉంది వెలుతురు?"

అత్త నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"కళ్ళు చెదిరిపోతున్నాయండి," అంది మెల్లగా.

మావయ్య చేత్తో తడుముకుంటూ స్విచ్ దాకా వెళ్ళి లైటు ఆర్పాడు. కూరల సంచి తను అందుకున్నాడు.

"పద, నడిచి పోదాం," అన్నాడు.