కల్లం మీద రేసు

దీక్షితకు రేసులంటే పిచ్చి. మామూలు పిచ్చి గాదు. హైదరాబాద్ల ఇంజనీరింగ్ హాస్టల్ల పిల్లలంత ఆదివారం సినిమా చూస్తమంటే, గీ పిల్ల టీవీ రిమోట్ గుంజుకొని ఫార్ములా వన్ పెట్టేది. ఏ టైరు ఎంతసేపు ఆగుతది, ఏ మలుపుల ఎవలు లేటుగ బ్రేకు కొడ్తరు, అడగకున్నా చెప్పేది. కానీ కండ్లతోని నిజం రేసు ఒక్కటి సుత చూడలే. మద్రాసు ట్రాకు దూరం, ఒక్కదాన్ని పంపియ్యం అన్నరు ఇంట్ల. గసొంటిది, సొంతూరు ఆర్మూర్లనే డర్ట్ ట్రాక్ బైక్ రేసు పెడ్తున్నరు, పుణె నుంచి, బెంగళూరు నుంచి రైడర్లు వస్తున్నరు అని తెలిస్తే ఇగ ఆగుతదా?

రేసు పెడ్తున్నోడు భీమ్‌రావు. యూత్ సంఘం అధ్యక్షుడు. గా సంఘంల ఇంకెవలున్నరో ఊర్ల ఎవలికి తెల్వదు, అధ్యక్షుడు మాత్రం ప్రతి కరెంటు స్తంభం మీద ఫ్లెక్సీల నవ్వుకుంట ఉంటడు. ఆయనకు జాగ గావాలె. అంకాపూర్ రోడ్డు మీద దీక్షిత వాళ్ల బాపు గంగాదాస్‌కు పసుపు ఎండవోసే కల్లం ఉంది. గట్టి మొరం నేల, నున్నగ, రోడ్డుకు ఆనుకొని. గంగాదాస్ ఇయ్యనన్నడు. పసుపు తవ్వకం నడుస్తుంది, ఏ దినం కడాయిల వంతు వస్తదో తెల్వదు అన్నడు.

పసుపు ఉడకవెట్టే కడాయిలు ఒక్కరివి గావు. ఒక రైతు చేన్ల పనైతే ఇంకో రైతు చేన్లకు వోతయి. వంతు వచ్చిన్నాడు ఉడకవెట్టుకోవాలె, తప్పితే మళ్ల ఎప్పుడొస్తదో. ఉడికినంక వెంటనే ఎండల పరవాలె. కుప్ప మీదనే ఉంచితే లోపట ఆవిరికి మెత్తవడి జిగురు జిగురైతది, రంగు వోతది, మార్కెట్ యార్డుల ఎవ్వడు మొకం సుత చూడడు.

గివన్ని తెలిసి కూడ దీక్షిత ఫోన్ల బాపును బతిమాలింది. "రెండు దినాలే బాపు. ఆదివారం మధ్యాహ్నంకల్లా ఖాళీ చేస్తరు. నేను మాటిస్తున్న గదా."

"భీమ్‌రావు మాట గాదు, నీ మాట మీద ఇస్తున్న," అన్నడు గంగాదాస్.

శనివారం పొద్దున బస్సు దిగి సీదా కల్లానికే వోయింది. ముందుగాల కనవడ్డది ట్రాకు గాదు, స్టేజీ. పెండ్లికి ఏసినట్టు పూల దండలు, ఎర్ర కార్పెటు, తెల్ల బట్టలు తొడిగిన కుర్సీలు. గా స్టేజీ కరెక్టుగ మొదటి మలుపుకు అడ్డం ఏసిండ్రు. రేసుల అన్నిటికంటె మజా ఉండేది మొదటి మలుపే, అక్కడనే ఎవలికి ఏం కనవడదు. పక్కన నిలువెత్తు ఫ్లెక్సీ. దాని మీద ఫార్ములా కారు. కార్ల డ్రైవర్ హెల్మెట్ జాగల భీమ్‌రావు మొకం, మీసంతోని సహా.

"ఎట్లుంది చెల్లె?" అన్నడు భీమ్‌రావు మురుసుకుంట.

"ఇది బైక్ రేస్ గదన్నా. కారెందుకు పెట్టిండ్రు?"

"బైక్ మీద కూసుంటే నా మొకం చిన్నగ వడ్డది. ఫోటో స్టూడియో పిలగాడే చెప్పిండు కారు వెట్టమని."

ట్రాకు తడుపుదామని తెప్పిచ్చిన నీళ్ల ట్యాంకరు, జెండా ఊపుతందుకు పిలిచిన లీడరు పెద్దసారు కారు వచ్చే తొవ్వ తడుపుతుంది. రైడర్లకు నీడ లేదు, తుమ్మచెట్టు కింద బండ్లు విప్పుకుంట కూసున్నరు. మైకు కాడ లింగం. లింగం పని ఆటోల మైకు కట్టుకొని సినిమాలు, సర్కసులు, తప్పిపోయిన బర్రెలు అనౌన్స్ చేసుడు. "భారతదేశ చరిత్రలోనే మొట్టమొదటి ఫార్ములా వన్ మోటారు సైకిల్" అనుకుంట మొదలువెట్టిండు. దీక్షిత వోయి అట్ల అనొద్దు, డర్ట్ ట్రాక్ అనాలె అన్నది.

"డర్ట్ అంటే ఏంది అక్కా?"

"మట్టి, మురికి."

"మురికి రేసుకు ఎవలొస్తరక్కా," అని లింగం మళ్ల ఫార్ములా వన్నే అందుకున్నడు.

కానీ సాయంత్రం ప్రాక్టీసు మొదలైనప్పుడు దీక్షిత అన్ని మర్సిపోయింది. టీవీల చప్పుడు చెవులకు వినవడ్తది, ఇక్కడ ఛాతిల పక్కబొక్కలల్ల మోగింది. పుణె పిలగాడు మట్టి దిబ్బ మీదికెళ్లి ఎగిరి, గాలిల బండి జర పక్కకు వంచి, దిగంగనే కాలు కిందవెట్టి మలుపు తిప్పిండు. మొరం రాళ్లు వచ్చి చెంపకు తగిలినయి. కాలిన ఆయిల్ వాసన. టీవీల గివేవీ రావు. రేపు గిసొంటోళ్లు పన్నెండు మంది ఒక్కసారి లేస్తే ఎట్లుంటదో అని తొవ్వంత అదే సోయి.

ఇంటికి వోయేసరికి బాపు గడపల నిలవడ్డడు. "ముందటి చేనోళ్ల పని జల్దిన అయిపోయిందట. రేపు పొద్దున మనకే కడాయిల వంతు."

"మధ్యాహ్నంకల్లా రేస్ అయిపోతది బాపు."

"అయితే మంచిదే బిడ్డా."

ఆదివారం రైడర్లు పొద్దుగాలనే తయారై లైన్ల నిలవడ్డరు. లైన్లనే ఉన్నరు. పెద్దసారు రాలే. పెద్దసారు జెండా ఊపనిదే రేసు లేదు. లింగం మాత్రం "సారు బయలుదేరిండ్రు" అంటడు, కొంచెం సేపైనంక "సారు దారిలో ఉండ్రు" అంటడు, మళ్ల "బయలుదేరిండ్రు" అంటడు. మనిషి ఎన్నిసార్లు బయలుదేరుతడో! నడుమ భీమ్‌రావు స్టేజీ ఎక్కి శాలువలు కప్పిండు. టెంటాయనకు శాలువ, ట్యాంకరాయనకు శాలువ, ఆఖరుకు లింగంతోని తనకు తనే కప్పిచ్చుకున్నడు. రైడర్లకు మంచినీళ్లు సుత లేవు. జాకెట్లల్ల ఉడుకుతున్నరు.

"సారు లేకుంటే ఏమైతది అన్నా? నువ్వే ఊపు జెండా," అన్నది దీక్షిత.

"నేనూపితే పేపరోళ్లు ఏస్తరా చెల్లె? రేసుదేముంది, ఎప్పుడన్న ఉరుకుతయి బండ్లు."

గప్పుడే రోడ్డు మీద ట్రాక్టర్ ఆగింది. ట్రాలీ నిండ ఉడికిన పసుపు, పొగలు కక్కుతుంది. ఎనుక లసుమవ్వ, ఆమెతోని కూలికొచ్చిన ఆడోళ్లు గంపలు వట్టుకొని. గంగాదాస్ ఇంజన్ బందు చేసి స్టీరింగ్ మీద చేతులువెట్టి కూసున్నడు.

దీక్షిత ఉరికింది. "బాపు, వేరే జాగల..."

"ఏడుంది జాగ? చేను తడి మీదుంది, బురద అంటుతది." బిడ్డ దిక్కు చూసిండు. "మాటిచ్చింది నువ్వు. నువ్వే చెప్పు, ఆగాల్నా, పసుపు పొయ్యాల్నా."

ట్రాలీ మీద చెయ్యివెట్టి చూసింది. పైన సల్లగైతుంది, లోపట ఇంక సలసల. ఎనుకకు తిరిగి చూసింది. పన్నెండు బండ్లు, రైడర్లు ఒకరి ఎనుక ఒకరు కిక్కు కొడ్తున్నరు, సారు దగ్గరికొచ్చిండ్రని ఎవలో చెప్పినట్టుంది. గా చప్పుడు మళ్ల పక్కబొక్కలకు తాకింది.

భీమ్‌రావు ఉరుక్కుంట వచ్చిండు. "గంగన్నా, ఒక్క గంట. సారు పెర్కిట్ కాడికొచ్చిండు."

ఒక్క గంట. సారు రావాలె, దండలు పడాలె, శాలువలు పడాలె, సారు మాట్లాడాలె, భీమ్‌రావు సారు గురించి మాట్లాడాలె. గప్పటికి పసుపు ట్రాలీలనే కుళ్లుతది. చిన్నప్పటి సంది చూద్దామనుకున్న రేసు ఒక్క మలుపు అవతల ఉంది. గా మలుపు ఎట్లాగు స్టేజీ అడ్డముండి కనవడదు.

"పొయ్యి బాపు," అన్నది. "స్టార్టింగ్ లైన్ కాడ సాపుగుంది, అక్కడ్నుంచే పొయ్యి."

"ఏయ్ ఏయ్ చెల్లె, పాగల్ అయినవా?"

"మధ్యాహ్నంకల్లా ఖాళీ అన్నవు గదన్నా. మధ్యాహ్నం దాటింది."

ట్రాక్టర్ లోపటికి వచ్చింది. రైడర్లు తెలివిగలోళ్లు, బండ్లు పక్కకు గుంజిండ్రు. పుణె పిలగాడు హెల్మెట్ తీసి, పసుపు దిక్కు చూసి, భీమ్‌రావు దిక్కు చూసి నవ్వవట్టిండు. ఆడోళ్లు గంపలతోని ఎత్తి పరుస్తుంటే స్టార్టింగ్ లైన్ కనవడకుంట అయింది.

సారు గప్పుడొచ్చిండు. కారు దిగి ఎవలి దిక్కు చూడలే. "జెండా ఏది?" అన్నడు. రేసు ఏది అని అడగలే. భీమ్‌రావు గళ్ల జెండా చేతికిచ్చిండు. ఫోటో మంచిగ రావాలంటే స్టార్టింగ్ కాడికి రావాలె సార్ అన్నడు ఫోటో పిలగాడు. సారు బూట్లతోని అడుగు ముందుకేసిండు.

"చెప్పులిడువు సారూ," అన్నది లసుమవ్వ లేవకుంటనే. "పసుపు అది. బూట్లతోని తొక్కుతవా? పోవాల్నంటే అటు సుట్టు తిరుగు."

అందరు చూస్తున్నరాయె. సారు బూట్లు, సాక్సులు విప్పి వట్టికాళ్లతోని పసుపుల అడుగేసిండు. ట్రాలీ అడుగుకెళ్లి అప్పుడే పడ్డ పసుపు, ఇంక పొగ వోతుంది. ఇగ చూడాలె. జెండా ఒక దిక్కు, కండువ ఒక దిక్కు, సారు ఈ కొసకెళ్లి ఆ కొసకు ఉరికిండు. ఆ రెండు దినాలల్ల గా ట్రాకు మీద జరిగిన రేసు గదొక్కటే. లింగం మైకుల "సారు రేసును విజయవంతంగా ప్రారంభించిండ్రు" అన్నడు. పేపరోళ్లు రాసుకున్నరు.

దీక్షిత నవ్వలే. రైడర్లు బండ్లు వ్యాన్లకు ఎక్కిస్తుంటే కొద్దిసేపు చూసింది. పుణె పిలగాడి బండి ఆఖరుకు ఎక్కింది, దాని టైర్లకు గీ కల్లం మొరమే అంటుకొని ఉంది.

"చూసింది చాలు గని," అన్నది లసుమవ్వ, "గా గంప ఇటు అందుకో బిడ్డా. పొద్దు వంగుతుంది."

దీక్షిత చెప్పులు రోడ్డు పక్కన ఇడిసి, గంప అందుకొని మొదటి మలుపు దిక్కు పరుసుకుంట వోయింది.