పల్లకీ ఎడమకు తిరిగిన రోజు

సముద్రాన్ని కాచే దేవత మాజు తల్లి పల్లకీ ఏటా ఏ దారిన పోతుందో ఎవరికీ తెలియదు. ఊరి గుడిలో బయలుదేరి దక్షిణాన పేకాంగ్ గుడికి చేరాలి, అంతవరకే నిర్ణయం. మధ్యలో ఏ సందులో దూరుతుందో, ఎవరి గుమ్మంలో ఆగుతుందో అది తల్లి ఇష్టం. మోసేవాళ్ళ పని మొయ్యడమే. భుజం మీద కర్ర ఎటు లాగితే అటు నడవాలి. సొంత బుర్ర వాడేవాడు ఈ పనికి పనికిరాడని కొత్తగా చేరినవాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పేవాడు బున్‌ఖీ.

అలాంటి బున్‌ఖీకి ఈ ఏడు కాలు ఒకచోట నిలవడం లేదు. దారిలో జనం ప్రేమగా చేతిలో పెట్టిన అన్నం పొట్లం విప్పనే లేదు. ఆగిన ప్రతిచోటా ఫోను తీసి చూడటం, జేబులో పెట్టడం, మళ్ళీ తియ్యడం.

"ఏంటన్నా, కొత్త పెళ్ళికొడుకులాగా ఆ ఫోనేంటి?" అన్నాడు ఆతోక్. పల్లకీ ముందు భాగాన బున్‌ఖీకి జోడుగా మోసేది అతనే.

"మీ వదిన."

"ఆపరేషన్‌కి ఒప్పుకుందా?"

"ఒప్పుకుంటే నా మొహం ఇలా ఏడుస్తుందా?"

బున్‌ఖీ భార్య గియోక్‌చూ కడుపులో గడ్డ ఉంది. ఇప్పుడు తీసేస్తే బతుకుతుంది, ఆలస్యమైతే తమ చేతుల్లో ఉండదని డాక్టరు చెప్పేశాడు. ఆవిడేమో మొండిఘటం. ఇంట్లో మాజు తల్లి ముందు చంద్రవంక చెక్కలు వేసి, కోయించుకోనా వద్దా అని అడిగింది. రెండు చెక్కలూ చదునువైపు పైకి పడ్డాయి. అంటే తల్లి నవ్వింది. అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. మళ్ళీ వేసినా అదే నవ్వు. "నా ప్రాణం మీదికొస్తే ఈవిడకి నవ్వులాటగా ఉందా?" అని గియోక్‌చూకి ఒళ్ళు మండిపోయింది. ఆసుపత్రి మంచం మీద కూర్చుని మొగుడితో తెగేసి చెప్పింది.

"తల్లి ఈ ఆసుపత్రి గుమ్మానికొచ్చి ఆగితే కోయించుకుంటా. రాకపోయిందా, ఇంటికి పోతా."

"ఆవిణ్ణి రమ్మని నేనెలా అంటానే?"

"నిన్ను అనమన్నానా? నువ్వు మొయ్యి. అదొక్కటీ బాగా వచ్చుగా నీకు!"

మిట్టమధ్యాహ్నం పల్లకీ పట్నం కూడలికి చేరింది. నేరుగా పోతే నది మీది వంతెన, పేకాంగ్ దారి. ఎడమకి తిరిగితే ఆసుపత్రి. కూడలి వస్తే తల్లి ఆలోచనలో పడుతుంది. పల్లకీ ముందుకి పోతుంది, వెనక్కి వస్తుంది, ఊగుతుంది. జనం ఊపిరి బిగబట్టి చూస్తారు.

బున్‌ఖీ భుజం మీద కర్ర ముందుకి లాగింది. వంతెన వైపే, అనుమానం లేదు. ఆ లాగుడు అతనికి తెలియనిదా! పల్లకీ వెనక్కి వచ్చి, మళ్ళీ ముందుకి ఊగింది. మళ్ళీ వంతెన వైపే.

అమ్మా, ఈ ఒక్కసారికి, అని మనసులోనే బతిమాలుకున్నాడు. కర్ర వినలేదు. పల్లకీ ఎక్కడుందో ఫోనులో చుక్క చూపిస్తుంది. గియోక్‌చూ ఆ చుక్క మీదే కళ్ళు పెట్టుకుని ఉంటుంది. చుక్క వంతెన దాటిందంటే లేచి చెప్పులు తొడుక్కుంటుంది. ఆ తర్వాత బ్రహ్మరుద్రాదులు వచ్చినా ఆపలేరు.

బున్‌ఖీ ఇక ఆగలేకపోయాడు. కాలు తన్నిపెట్టి, భుజం అడ్డంగా తిప్పి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ఎడమకి లాగాడు.

పల్లకీ తిరిగింది.

"తిరిగింది! అమ్మ తిరిగింది!" అని జనం హోరెత్తారు. వంతెన దగ్గర టపాకాయలు పరిచి కూర్చున్నవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. ముందు నడిచే జెండా పెద్దాయన పడుతూ లేస్తూ వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. ఆతోక్ మాత్రం అదోలా చూశాడు.

"అన్నా..."

"నడువు," అన్నాడు బున్‌ఖీ.

వీపంతా చెమట. నెత్తిన పిడుగు పడుతుందేమోనని ఒకటే భయం. పడలేదు. పడకపోయేసరికి భయం ఇంకా పెరిగింది.

ఆసుపత్రి గేటు ముందు రోగులూ నర్సులూ గుంపుగా నిలబడ్డారు. సెలైన్ సీసా చేత్తో పట్టుకున్న ఒక ముసలాయన తల్లి తన మీదుగా పోతే జబ్బు పోతుందని నడిరోడ్డు మీద బోర్లా వంగాడు. పల్లకీ ఆయన మీదుగా దాటింది. ఆయన వెక్కివెక్కి ఏడ్చాడు. అబద్ధం మోసుకొచ్చి ఇంతమందికి పంచిపెడుతున్నానే అని బున్‌ఖీ ఆయన వైపు చూడకుండా నడిచాడు.

గియోక్‌చూ చక్రాల కుర్చీలో ఉంది. పల్లకీ ఎదురుగా ఆగగానే చేతులు జోడించింది. ఆ తర్వాత మొగుడి వంక చూసింది.

"ఏవయ్యా, ఆ మొహం ఏంటి? తల్లి వచ్చిందా, నువ్వు తెచ్చావా?"

వచ్చిందంటే చాలు, ఆమె బతికినట్టే. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది కూడా. కానీ తల్లి భుజం మీదే ఉందాయె.

"నేనే లాగాను," అన్నాడు. "ఆవిడ వంతెన వైపు పోతానంది. నేనే... లాగేశాను గియోక్."

ఆతోక్ కళ్ళు మూసుకున్నాడు.

"మా అమ్మ పోయిన రోజు కబురు పెడితే ఏమన్నావు?" అంది గియోక్‌చూ.

"పల్లకీ కింద ఉన్నాను, రాలేనన్నాను."

"పిల్ల పుట్టినప్పుడు?"

"అదే అన్నాను."

"మరి ఇవాళ?"

బున్‌ఖీ తలెత్తాడు. ఆమె మొహంలో కోపం కోసం వెతికాడు. లేదు. కళ్ళు నిండిపోయి ఉన్నాయి.

"పిచ్చి సన్నాసీ," అంది. పక్కనున్న నర్సు వైపు తిరిగింది. "డాక్టరుగారికి చెప్పమ్మా, చేయించుకుంటానని."

"మరి అమ్మవారో?" అన్నాడు బున్‌ఖీ.

"ఆవిడ కాళ్ళు నువ్వే పట్టుకో. ఎన్ని చివాట్లు పెడితే అన్నీ పడు. నేను బతికుంటే నీ పక్కన నిలబడతా."

పల్లకీ కదిలే వేళయింది. బున్‌ఖీ కదల్లేదు. ఆతోక్ వెనకున్నవాళ్ళలో ఒకణ్ణి పిలిచి, బున్‌ఖీ భుజం మీది కర్ర అతనికి ఎత్తించాడు. "నువ్వు పో అన్నా, వదిన దగ్గరికి పో," అన్నాడు. బున్‌ఖీ నేలకి తల ఆనించి తల్లికి మొక్కి, లేచి, చక్రాల కుర్చీ వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఉన్న బలమంతా పెట్టి తోశాడు. ఆ తోపుకి కుర్చీ గడప మీద ఎగిరిపడింది.

"మెల్లగా తొయ్యవయ్యా," అంది గియోక్‌చూ, "ఇది పల్లకీ కాదు."